నరాలకేం, బాగానే ఉన్నాయి!

మా పక్క క్వార్టర్లో ఉండే ఆమెకు నరాల బలహీనతట. మొన్న పగలు ఒంటిగంటవేళ మందుల చీటీ పట్టుకుని వచ్చి మా గడపలో కూలబడింది. "నిద్ర పడ్తలేదక్కా. కాళ్లు గుంజుతయి. గుండె దడదడ కొట్టుకుంటది. నరాలు వీకయినయని బలానికి సూది ఏసిండు" అంది. ఆ సూది వేసినాయన అడిగినవి రెండే ప్రశ్నలట: వయసెంత, పిల్లలెందరు?

ఎన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా అని మాత్రం అడగలేదు. మూడు షిఫ్టుల మీద నడిచే ఈ గోదావరిఖనిలో మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అదే కదా!

నేను చదివింది బి.ఏ. నరాల గురించి మాట్లాడే అధికారం నీకెక్కడిదంటారా? మాటల గురించి మాట్లాడే అధికారం ఉంది. ఈ "నరం" అనే మాటతోనే నా పేచీ. సూది పొడవడానికి నర్సమ్మ వెతికేదీ నరమే, నిజానికది రక్తనాళం. పిక్క పట్టేస్తే నరం లాగిందంటాం, అది కండరం. మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసే నాడి కూడా నరమే. నవలలు రాసే మేం మాత్రం తక్కువ తిన్నామా? "నరాలు తెగే ఉత్కంఠ" అని రాసి పారేశాం. ఇన్నిటినీ ఒక్క మూట కట్టి, ఆడదాని నెత్తిన పెట్టి, దానికి బలహీనత అని పేరు పెట్టేశారు!

నాడులు చేసే పని తెలిస్తే బలహీనత అన్న మాట నోట రాదు. కాలుతున్న పెనం వేలికి తగిలిందనుకోండి. మెదడు ఆజ్ఞ కోసం చెయ్యి ఆగదు. వెన్నుపామే తీర్పు చెప్పి చెయ్యి వెనక్కి లాగేస్తుంది. నొప్పి కబురు మెదడుకు చేరాక గానీ "అబ్బా" అనం. గుండెనూ అరుగుదలనూ మనల్ని అడక్కుండానే నడిపే నాడులు వేరే ఉన్నాయి. వాటిలో ఒక జట్టు "లే, పరుగెత్తు" అంటుంది. రెండోది "ఇక చాలు, కాస్త నడుం వాల్చు" అంటుంది. వేళకాని వేళ అంబులెన్సు కూత వినబడితే, బాయిలో కప్పు కూలిందేమోనని మా కాలనీ ఆడవాళ్ల గుండెలు దడదడలాడేది ఆ మొదటి జట్టు వల్లనే. అది జబ్బు కాదు, కాపలా. కాకపోతే రెండో జట్టుకూ వంతు రావాలి!

ఇంకొకటుంది. మెదడు అడుగున సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఒకటి గడియారంలా పనిచేస్తుంది. కంట్లో పడే వెలుతురును బట్టి నిద్రకూ మెలకువకూ వేళలు చెబుతుంది. జీవుల లోపల ఇలాంటి గడియారం నడిచే తీరును ఈగల మీద పరిశోధించి కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. షిఫ్టు మారినంత తేలిగ్గా ఆ గడియారం మారదు.

ఇప్పుడు మా పక్కింటామె గడియారం చూడండి. ఆయనది ఫస్ట్ షిఫ్టయితే నాలుగింటికే లేచి అన్నం గిన్నె కట్టివ్వాలి. సెకండ్ షిఫ్టయితే అర్ధరాత్రి దాకా మేలుకుని వేడివేడిగా వడ్డించాలి. నైట్ షిఫ్టయితే పగలంతా ఆయన నిద్రకు కాపలా: "సప్పుడు చెయ్యకుండ్రి, మీ నాయన పండుకున్నడు!" ఆయన షిఫ్టు మారుతుంది గానీ పిల్లల బడి గంటా, నల్లా వచ్చే వేళా మారవు. ఆయన చేసేది మూడింటిలో ఒకటి. ఆమె చేసేది మూడూ. ఆయన కష్టం తక్కువదని ఎవరంటారు? నేల కింద చీకట్లో పనిచేసి వచ్చిన మనిషికి పగటినిద్ర కావాల్సిందే. కానీ ఆమె నిద్రకు కాపలా ఎవరు?

1952 నాటి గనుల చట్టం భూగర్భంలో పనికి రోజుకు 8 గంటలని హద్దు గీసింది. స్త్రీలకు గనుల్లో రాత్రిపని వద్దంది. 2019లో గానీ ఆ నిషేధాన్ని షరతులతో సడలించలేదు. గనిలో రాత్రిపని వద్దన్న చట్టం, ఆ గని కోసమే ఇంట్లో జరిగే రాత్రిపనిని లెక్కలోనే రాయలేదు!

బలానికి సూదులు పొడిచేవాళ్లను ఒక్కటే అడుగుతాను. ముందు రక్తపరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతుంటే షుగరుందేమో, బి12 విటమిన్ తగ్గిందేమో చూడండి. నాడులు నిజంగా దెబ్బతినే జబ్బులకు పేర్లున్నాయి, పరీక్షలున్నాయి. "బలహీనత" వాటి పేరు కాదు. ఏ పరీక్షలోనూ ఏమీ తేలకపోతే, అప్పుడైనా ఆమె నిద్రగంటలు లెక్కపెట్టండి.

మగవాళ్లకూ ఓ మాట. సొంత గిన్నెలో అన్నం పెట్టుకోవడానికి మైనింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఆ పగలు నేను ఆమెకు సలహాలేవీ చెప్పలేదు. మా మంచం చూపించి పడుకోమన్నాను. "పండుకుంటే పనులెవరు జేస్తరక్కా?" అంటూనే వాలింది. ఐదు నిమిషాల్లో గుర్రు. ఏ సూదీ లేకుండానే! షిఫ్టు దిగే సైరన్ మోగింది. ఉలిక్కిపడి లేచి, "అయ్యో, ఆయనొచ్చే యాళయింది" అంటూ చెప్పులు కూడా మరిచి పరుగెత్తింది.

నరాలకేం, బాగానే ఉన్నాయి. సైరన్ వినగానే ఆమెను ఎలా పరుగెత్తించాయో చూశాగా!