మంచుకొండల్లో స్కీయింగ్ – జాగ్రత్తలు

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో కలిసి ఈ శీతకాలం గుల్మార్గ్ వెళ్లి స్కీయింగ్ చేస్తానంటున్నాడు. బాట విడిచి కొండమీది నుంచి కూడా దిగుతారట. మంచుచరియలంటే మాకు భయంగా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదు. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ కొండమీద మంచుచరియ విరిగిపడి, స్కీయింగ్‌కి వచ్చిన ఇద్దరు పోలండ్ దేశస్థులు చనిపోయారు. అలాగని ప్రయాణం మానిపించనక్కర్లేదు. సిబ్బంది కనిపెట్టి ఉండే బాటలమీద ఈ ప్రమాదం చాలా తక్కువ. బాట విడిచినప్పుడే చిక్కు. ఈ జవాబు మీ అబ్బాయి చేత చదివించండి.

మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. అడుగుపొర పంచదారలా పొడిపొడిగా ఉండి, పైపొర పలకలా బిగుసుకుంటే, మనిషి బరువుకే ఆ పలక పగిలి జారిపోవచ్చు. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఇది ఎక్కువ. చాలా ప్రమాదాల్లో చరియను కదిలించేది చిక్కుకున్నవారో, వారి తోటివారో.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా నిటారు వాలుల మీదికీ, వాటి కిందికీ వెళ్లకూడదు:

1. దగ్గర్లో కొత్తగా చరియ పడిన గుర్తులు.
2. కాలు మోపితే 'ధబ్' మని మంచు కుంగిన చప్పుడు.
3. స్కీల ముందు నుంచి పగుళ్లు పారడం.
4. ఒకటి రెండు రోజుల్లో విపరీతంగా మంచు పడడం, లేదా గాలి మంచును తెచ్చి ఒకవైపు పోయడం.
5. హఠాత్తుగా ఎండ కాసి మంచు తడవడం.

బయలుదేరే ముందు ఆనాటి హెచ్చరిక తెలుసుకోవాలి. వాలుమీద ఒక్కొక్కరుగా దిగాలి. మిగిలినవారు సురక్షితమైన చోట నిలిచి చూస్తుండాలి.

మంచులో కూరుకుపోయినవారు ఎక్కువగా చనిపోయేది చలివల్ల కాదు, ఊపిరాడక. పది నిమిషాల్లో పైకి తీస్తే పదిమందిలో తొమ్మండుగురు బతుకుతారు. అరగంట అయితే ముగ్గురు దక్కడమే కష్టం. అంతలో బయటి సహాయం సాధారణంగా అందదు, పక్కనున్నవారే వైద్యులు. కనుక ప్రతి ఒక్కరి ఒంటిమీదా సంకేతాలు పంపే ట్రాన్స్‌సీవర్, సంచిలో మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ, పార ఉండాలి. వాటిని వాడడం ముందే నేర్చుకోవాలి.

మనిషి దొరకగానే ముందుగా ముఖం, ఛాతీ మీది మంచు తొలగించండి. నోరు, ముక్కు శుభ్రం చేయండి. శ్వాస లేకపోతే నోటితో ఐదుసార్లు ఊపిరి ఊదండి. అయినా కదలిక లేకపోతే, ఛాతీని 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం – ఇలా సహాయం అందేదాకా కొనసాగించండి. శ్వాస ఉంటే పడుకోబెట్టి, వెచ్చగా కప్పి, కుదుపు లేకుండా మోయండి. చేతులూ కాళ్లూ రుద్దకండి. బ్రాందీ అసలే పట్టకండి. అది ఒంట్లో వేడిని ఇంకా పోగొడుతుంది.

అనుమానం ఉన్న వాలు మీద ఆ రోజుకి దిగవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. గైడు వెంట ఉన్నా ఇదే మాట.