తాళం వేశాం సరే, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో మనవాళ్ల మీద దాడి జరిగితే సంఘం చేయాల్సిన మొదటి పని కాగితాలు పోగుచేయడం. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల సర్టిఫికెట్లు, ఫోటోలు, సాక్షుల పేర్లు. ఒకప్పుడు ఇవి ఇనప పెట్టెలో ఉండేవి, ఇప్పుడు కంప్యూటర్లో ఉంటున్నాయి. సాక్షి పేరు పెత్తందారు చెవిన పడితే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. సాక్షుల పేర్లు దాచే ఏర్పాటు అట్రాసిటీ చట్టంలోనే ఉంది, 2015 సవరణ తెచ్చిన 15ఎ సెక్షన్‌లో. అందుకే ఆ ఫైళ్లున్న హోమ్ ఫోల్డర్‌ను గుప్తలిపిలో పెట్టి తాళం వేయాల్సిందే అంటున్నాం. మరి తాళంచెవి సంగతేంది?

పాస్‌వర్డే తాళంచెవి అనుకుంటే పొరపాటు. 2018 దాకా ఉబుంటు ఎక్కించేటప్పుడే హోమ్ ఫోల్డర్‌కు తాళం వేసుకునే వీలుండేది. దాని అసలు తాళంచెవి 32 అక్షరాల వరస. అది డిస్కులోనే ఒక చిన్న ఫైల్లో చుట్టి ఉంటుంది. పాస్‌వర్డ్ ఆ చుట్టను విప్పుతుంది, అంతే. ఆ ఫైలు చెడిందా, పాస్‌వర్డ్ ఎంత గుర్తున్నా ఒక్క కాగితమూ బయటికి రాదు. ఫైలు బాగున్నప్పుడే 'ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్-అన్‌రాప్-పాస్‌ఫ్రేజ్' అనే ఆదేశమిచ్చి పాస్‌వర్డ్ కొడితే ఆ అక్షరాలు తెరమీద కనబడతాయి, రాసుకోవచ్చు. మొత్తం డిస్కుకు లక్స్ తాళం వేసినవాళ్లు డిస్కు మొదట్లో ఉండే హెడర్‌కు నకలు తీసుకోవాలి.

ఇదంతా ఎందుకంటారా? చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లను నరికారు. ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది 2007లో. హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది 2014లో. మన కేసులు ఇన్నేండ్లు నడుస్తాయి. ఏ కంప్యూటరు అన్నాళ్లు బతుకుతుంది? "ఆ పిల్లోనికి తెలుసులే" అంటే సరిపోతుందా? ఆ పిల్లోడు పని కోసం బెంగుళూరు పోతే? తరతరాలుగా అక్షరాన్ని ఒకరి గుప్పిట్లో పెట్టుకొని మనల్ని బయట నిలబెట్టారు. సంఘం కాగితాలను మనమే ఒకరి గుప్పిట్లో పెడితే ఎట్లా?

మేము అడిగేది ఇంతే. తాళంచెవిని చేత్తో కాగితం మీద రెండు నకళ్లు రాయండి. ఒకటి నంద్యాలలో, ఒకటి ఆళ్లగడ్డలో, సీలు వేసిన కవర్లో, సంఘం నమ్మిన మనుషుల దగ్గర ఉంచండి. అందులో ఒకరు ఆడమనిషై ఉండాలి. ఫోన్లో ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు. ఫైళ్ల నకలున్న డిస్కు ఇంకో ఇంట్లో ఉండాలి. రెండూ ఒకచోటే ఉంటే పెట్టెకే తాళంచెవి వేలాడగట్టినట్టు. ఆరు నెలలకొకసారి వేరే కంప్యూటర్లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే ఆ నకలు ఉన్నా లేనట్టే.

సాక్షి నోరు మూయించాలని పెత్తందారు ఎట్లాగూ చూస్తాడు. ఆ పని మన అజాగ్రత్త చేసిపెట్టకూడదు.