డ్రమ్ములు వాయించారు, డప్పు కొట్టలేదు

పేపరువాళ్లను ఎవరైనా ఒక మాట అనదలిస్తే "ఫలానా నాయకుడికి డప్పు కొడుతున్నాడు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా విలేఖరి సంగతి ఎలా ఉన్నా, డప్పు కొట్టేవారికి అన్యాయం జరిగిందనిపిస్తుంది. కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టి, దరువు తప్పకుండా ఊరేగింపు వెంట గంటల తరబడి నడిచేవారిని అడిగితే ఆ కష్టమేమిటో చెబుతారు. పొగడ్తకు, డప్పుకు పోలిక ఎవరు పెట్టారో తెలియదు గానీ, వారు డప్పు పట్టినవారు మాత్రం కారు.

నిజంగానే వాద్యం వాయించిన మనిషి పత్రికలో సంగీతం గురించి రాస్తే ఎలా ఉంటుంది? అమెరికాలో స్టాన్లీ క్రౌచ్ అనే నల్లజాతి రచయిత ఆ పని చేశారు. 2020 సెప్టెంబరులో 74వ ఏట ఆయన కన్నుమూశారు. మన వైపు ఆయన పేరు విన్నవారు తక్కువ.

ఆయన 1945లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. తల్లి ఇతరుల ఇళ్లలో పనిచేసి కొడుకును పెంచింది. ఉబ్బసంతో బాధపడే ఆ పిల్లవాడికి బడికి వెళ్లకముందే చదవడం నేర్పింది ఆ తల్లే. తర్వాత కాలేజీలో చేరారు గానీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. అయినా 1968 నుంచి 1975 వరకు క్లేర్‌మాంట్ కాలేజీలలో పాఠాలు చెప్పారు. పట్టా లేనివాడికి ఏమి తెలుస్తుందని అడిగేవారు మన దగ్గర ఊరికి పదిమంది ఉంటారు గనుక ఈ సంగతి రాస్తున్నాను.

ఆ రోజుల్లోనే ఆయన డ్రమ్ములు వాయించేవారు. మన పెళ్లి బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము ఒకరిది, చిన్న డ్రమ్ము ఇంకొకరిది. జాజ్ సంగీతంలో అవన్నీ ఒక్కరే వాయించాలి. పెద్ద డ్రమ్ము కుడికాలికి, తాళాల జోడు ఎడమకాలికి, మిగిలినవి రెండు చేతులకు. నాలుగు అవయవాలు నాలుగు పనులు చేస్తున్నా దరువు మాత్రం ఒక్కటిగా వినిపించాలి. అక్కడివారు స్వింగ్ అనేది దీన్నే. మన మాటలో ఊపు అనవచ్చు.

1975లో న్యూయార్క్ చేరి టిన్ ప్యాలెస్ అనే క్లబ్బు పైన కాపురం పెట్టారు. అక్కడ కచేరీలు ఏర్పాటు చేసేది కూడా ఆయనే. 1976లో డేవిడ్ ముర్రే అనే శాక్సఫోన్ వాద్యకారుడి బృందంలో వాయించగా అది రికార్డుగా కూడా వచ్చింది. తాను గొప్ప డ్రమ్మరును కానని తర్వాతి కాలంలో ఆయనే ఒప్పుకున్నారు. డ్రమ్ములు పక్కన పెట్టి 1980లో విలేజ్ వాయిస్ పత్రికలో చేరారు.

వాద్యం వదిలినా చెవి మాత్రం డ్రమ్మరుదే. కొత్తపోకడ పేరుతో ఊపును వదిలేసిన సంగీతాన్ని ఆయన కలం వదిలిపెట్టలేదు. ఆ కొత్తపోకడ బృందాలలో ఒకప్పుడు తానే వాయించిన సంగతి మరువరాదు. తన పాత జట్టునే ఎదిరించి రాయడం ఎంతమందికి చేతనవుతుంది? మైల్స్ డేవిస్ అంతటి విద్వాంసుడు రాక్ బాట పట్టడం డబ్బు కోసమేనని 1990లో రాసేశారు. నా మట్టుకు అది కొంత మితిమీరిన మాటే. అయినా పెద్దపేరు చూసి జంకకపోవడం చూడాలి.

దానికి మూల్యం కూడా చెల్లించారు. 1988లో తోటి రచయితపై చేయి చేసుకుని విలేజ్ వాయిస్ ఉద్యోగం పోగొట్టుకున్నారు. దాన్ని సమర్థించలేము. 2003లో మాత్రం, తెల్ల విమర్శకులు తమ జాతి వాద్యకారులను అర్హతకు మించి పైకెత్తుతున్నారని రాసిన తర్వాత జాజ్‌టైమ్స్ పత్రిక ఆయన శీర్షికను ఆపేసింది.

ఆయన మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. వింటన్ మార్సాలిస్ అనే ట్రంపెట్ వాద్యకారుడికి ఆయన సలహాదారు, రికార్డుల వెనుక పరిచయాలు రాసింది ఆయనే. 1987లో లింకన్ సెంటర్‌లో జాజ్ కచేరీలు మొదలైనప్పుడు కూడా వెంట ఉన్నారు. ఇది డప్పు కొట్టడం కాదా అని గిట్టనివారు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆయన ఈ స్నేహాన్ని దాచిపెట్టలేదు. ఎవరి పక్కన నిలబడి రాస్తున్నాడో పాఠకుడికి తెలిస్తే, ఎంత నమ్మాలో పాఠకుడే తేల్చుకోగలడు.

చార్లీ పార్కర్ అనే శాక్సఫోన్ మేధావి చిన్నతనం మీద ఆయన ముప్ఫై ఏళ్లు శ్రమించారు. ఆ పుస్తకం 2013లో వెలువడింది. పార్కర్ జీవితంలో అందరూ చెప్పుకునే ఘట్టం 1936 నాటిది. కాన్సాస్ సిటీలో కచేరీ మధ్య ఆ కుర్రాడు వరస తప్పితే, జో జోన్స్ అనే డ్రమ్మరు తాళం విప్పి అతని కాళ్ల ముందు విసిరేశాడు. చదివేవారికి అది అవమానంగానే కనిపిస్తుంది. దరువు తెలిసినవారికి ఆ డ్రమ్మరు కోపం కూడా అర్థమవుతుంది. ఆ కోపం తెలిసిన మనిషి రాయడం వేరు.

మన జిల్లాలో ఏటా ఎన్ని జాతరలు! వార్తల్లో మంత్రిగారి పేరు, సర్పంచ్ గారి పేరు, కొబ్బరికాయ కొట్టిన దాత పేరు తప్పకుండా ఉంటాయి. వాయించినవారు "డప్పు వాయిద్యాల మధ్య" అన్న మూడు మాటల్లో అయిపోతారు. ఏ దరువు వేశారు, ఎవరి దగ్గర నేర్చారు, పూటకు ఎంత ఇచ్చారు అన్నది ఎవరూ రాయరు. రాసేవారికి దరువు తెలియదు, దరువు తెలిసిన వాడలవారి చేతికి కలం ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ వాడల్లో కూడా పది, ఇంటరు చదివి డప్పు కొట్టే యువకులు ఉన్నారు. పెద్దపేర్ల కోసం చూడకుండా, ఈసారి జాతరలో ఏ జట్టు బాగా వాయించిందో, ఏది దరువు తప్పిందో ఒక కాగితం మీద రాసి తమ విలేఖరికి ఇవ్వాలి. జాతర కమిటీవారు కూడా కరపత్రంలో దాతల పేర్ల పక్కన డప్పు జట్టు పేర్లు అచ్చు వేయించాలి.