అన్నం తిన్నావా... అని అడగడమెలా?

తెలుగింట్లో ఫోనెత్తితే మొదటి మాట 'అన్నం తిన్నావా?' అనే. ఉద్యోగం ఎలా ఉంది, జీతం పడిందా, అక్కడ వానలున్నాయా... ఇవన్నీ ఆ తర్వాతే. బెంగళూరు హాస్టల్లో ఉన్న కూతురైనా, డాలస్‌లో ఉన్న కొడుకైనా సరే. కానీ కొన్ని ఇళ్లల్లో ఆ రెండు మాటలు అడగాలంటే అమ్మకు గుండె దడ. అడిగితే 'తిన్నానమ్మా' అన్న అబద్ధం వినాలి. రెట్టిస్తే అవతల ఫోను పెట్టేస్తారు. అడక్కపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇరవై ఆరేళ్లొచ్చి, సొంతంగా సంపాదించుకుంటున్న పిల్ల పండక్కి వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోయి కనిపిస్తుంటే కన్నవాళ్లకు ఏం చేయాలో పాలుపోదు.

ఈ జబ్బు పేరు అనొరెక్సియా నెర్వోసా. టీవీలూ ఫ్యాషన్ షోలూ తెచ్చిపెట్టిన కొత్త రోగమని చాలామంది అనుకుంటారు కానీ, 1873లోనే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ అనే డాక్టర్లు ఎవరికి వారు దీన్ని వివరించారు. అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడమని అర్థం. నిజానికి చాలామందిలో ఆకలి ఉంటుంది, దాన్ని అణిచేయడమే జబ్బు. తమ్ముడికి దగ్గరుండి బిర్యానీ వండిపెట్టి, తను గ్లాసెడు మజ్జిగ తాగి లేచిపోయే అక్కను చూస్తే సంగతి అర్థమవుతుంది. శనివారం ఒక్కపొద్దు గురువారానికీ సోమవారానికీ పాకుతుంది. 'ఆఫీసులో తినొచ్చా' అన్నది రోజూ వినపడుతుంది.

లావైపోతానన్న భయం అందరూ పైకి చెప్పరు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 1990ల్లో చూసిన రోగుల్లో చాలామంది కడుపు ఉబ్బరమనీ, తినబుద్ధి కావడం లేదనీ మాత్రమే చెప్పారు. మన దేశంలోనూ వైద్యులు ఇలాంటివారిని చూశారు. అందుకే మన దగ్గర ముందు గ్యాస్ మాత్రలు, తర్వాత ఎండోస్కోపీ, ఆ తర్వాత దిష్టి తీయించడం. మానసిక వైద్యుడి గడప తొక్కేసరికి ఏళ్లు గడిచిపోతాయి. మగపిల్లలైతే మరీ ఆలస్యం. 'జిమ్‌కి వెళ్తున్నాడు, మంచిదే' అనుకుంటారు.

ఇంట్లోవాళ్లను తిండి మానేయడం కన్నా ఎక్కువగా బాధపెట్టేది మనిషి మారిపోవడం. చీటికీమాటికీ విసుగు. స్నేహితులు దూరం. మే నెలలోనూ దుప్పటి. 'మా పిల్లేనా ఇది?' అనిపిస్తుంది. దీనికి జవాబు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దొరికింది. 1944 నవంబరులో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త అక్కడ ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులను చేర్చుకున్నాడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. యుద్ధంలో ఆకలితో అలమటిస్తున్నవారికి తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. ఆరు నెలలపాటు వాళ్లకు మామూలుగా తినేదాంట్లో సగమే పెట్టారు. ఒంటి బరువులో దాదాపు పాతికశాతం తగ్గింది. ఏ మానసిక జబ్బూ లేని ఆ కుర్రాళ్లు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. పళ్లెంలో ఉన్న కొంచెం తిండినీ గంటల తరబడి కెలుకుతూ తినేవాళ్లు. ఎండాకాలంలో చలి అన్నారు, ఒకరి మీద ఒకరు చిరచిరలాడారు, చివరికి ఎవరికి వారు ముడుచుకుపోయారు. తిండి మళ్లీ మొదలుపెట్టాక కూడా మనసు కుదుటపడటానికి నెలలు పట్టింది.

అంటే తల్లి కళ్ల ముందున్న మొండితనంలో చాలాభాగం పిల్ల స్వభావం కాదు, ఆకలి చేయిస్తున్న పని. మెదడుకే తిండి అందనప్పుడు 'నీకు బుర్ర లేదా, చదువుకున్నదానివి కదా' అని వాదించి ప్రయోజనమేముంటుంది? పెంపకంలో లోపమని ఎత్తిపొడిచే మేనత్తలకు ఇంకో మాట. 2019లో దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు ఈ జబ్బుతో సంబంధమున్న ఎనిమిది చోట్లను గుర్తించారు. అందులో కొన్నిటికి ఒంట్లో కొవ్వు, చక్కెర ఖర్చయ్యే తీరుతోనూ ముడి ఉందని తేలింది.

చిన్నపిల్లలైతే ఏం తినాలో కొన్నాళ్లు అమ్మానాన్నలే నిర్ణయించే చికిత్స ఉంది. పెద్దపిల్లల విషయంలో అది కుదరదు. పద్దెనిమిది నిండాక చికిత్సకు ఒప్పుకోవాల్సింది వాళ్లే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎవరైనా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవచ్చు. జబ్బు ముదిరి, మంచిచెడులు తేల్చుకోలేని స్థితి వస్తే ఆ ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు పరీక్షించాక, 30 రోజుల వరకు ఆసుపత్రిలో ఉంచే వీలుంది. పిల్ల కాస్త నెమ్మదిగా ఉన్న రోజున ఈ కాగితం సంగతి మాట్లాడుకోవడం మంచిది. గొడవ జరిగిన రాత్రి కాదు.

మరి రోజువారీ కాపురం ఎలా? లండన్ మానసిక వైద్యురాలు జానెట్ ట్రెజర్ ఇళ్లల్లోవాళ్లను జంతువులతో పోల్చి చెబుతారు. సంచిలో దాచుకునే కంగారూ ఒకరు, కొమ్ముతో కుమ్మే ఖడ్గమృగం ఇంకొకరు, ఇసుకలో తలదూర్చే ఉష్ట్రపక్షి మరొకరు. మన ఇళ్లల్లో సాధారణంగా అమ్మ కంగారూ, నాన్న ఖడ్గమృగం! ఆవిడ ఉండమనేది డాల్ఫిన్‌లా. ఒకసారి ముందుండి దారి చూపడం, ఒకసారి పక్కన ఈదడం, ఇంకోసారి వెనక నుంచి మెల్లగా నెట్టడం.

భోజనాల దగ్గర పళ్లెంలోకి తొంగిచూడకుండా క్రికెట్టో సినిమానో మాట్లాడుకోవచ్చు. బరువు సంగతి, ఎంత తినాలన్న లెక్క డాక్టరుకూ డైటీషియన్‌కూ వదిలేస్తే ఇంట్లో ఆ మాట మీద రోజూ యుద్ధం ఉండదు. 'ఇది తిను' అనడం కన్నా 'తినాలంటే నీకెంత కష్టంగా ఉందో తెలుస్తోంది, నేనిక్కడే కూర్చుంటా' అనడం తేలిక కాదు కానీ పనిచేస్తుంది. తిన్నాక గంటసేపు తోడుగా ఉండటం ఇంకా మేలు. ఆ గంటే వాళ్లకు గండం. పెళ్లిళ్లలో 'ఎంత సన్నబడ్డావే, ఏం డైటో మాకూ చెప్పు' అనే చుట్టాల్ని ముందే పక్కకు పిలిచి హెచ్చరించాలి. కోలుకుంటున్న రోజుల్లో 'కాస్త ఒళ్లు చేశావు, ముచ్చటగా ఉన్నావు' అనడం ఇంకా ప్రమాదం. ప్రేమతో అన్న ఆ మాట వాళ్ల చెవిన 'లావయ్యావు' అనే పడుతుంది.

ఓపిక పనికిరాని చోట్లూ ఉన్నాయి. కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో దడ, కాళ్ల వాపు, నాడి నిమిషానికి 40 కన్నా తగ్గడం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి. మానసిక జబ్బుల్లో ప్రాణం తీసేవాటిలో ఇది ముందువరుసలో ఉంది. అమెరికన్ గాయని కేరెన్ కార్పెంటర్ 1983లో 32 ఏళ్లకే గుండె ఆగి చనిపోయింది. ఇంకో సంగతి. నెలల తరబడి సరిగా తినని మనిషి ఒప్పుకుంది కదా అని ఒక్కసారిగా కొసరి కొసరి పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. మొదటి రోజుల తిండి డాక్టరు చెప్పిన కొలతలోనే. ఎవరిని అడగాలో తెలియకపోతే 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇన్నేళ్లయింది, ఇక బాగుపడుతుందా అన్నది కన్నవాళ్లు పైకి అనలేని ప్రశ్న. బోస్టన్‌లో చికిత్సకొచ్చిన మహిళలను వైద్యులు ఇరవై ఏళ్లకు పైగా గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. తొమ్మిదేళ్ల దగ్గర చూస్తే కోలుకున్నది వందలో 31 మందే. ఆ లెక్క చూసి ఆశ వదులుకున్నవాళ్లు ఎంతమందో! కానీ 22 ఏళ్ల దగ్గర మళ్లీ చూస్తే ఆ సంఖ్య 63 అయింది. తొమ్మిదేళ్లకు బాగుపడనివారిలో సగం మంది ఆ తర్వాత బాగుపడ్డారు.

ఆ బాగుపడటం వరుసలో రాదు. బరువు కన్నా ముందు నవ్వు రావచ్చు. మాట్లాడటం మానేసిన స్నేహితురాలికి మళ్లీ ఫోన్ చేయొచ్చు. ఓ సాయంత్రం ఎవరూ అడక్కుండానే బండి దగ్గర సగం దోసె తినొచ్చు, మర్నాడు మళ్లీ మజ్జిగకే పరిమితం కావచ్చు. ఆ రోజున అమ్మ చేయాల్సింది డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన తేదీ కేలండర్‌లో చూసుకుని, రాత్రి భోజనానికి ఎప్పటిలాగే ఆమెకూ ఓ పళ్లెం పెట్టడం.