జొన్నరొట్టెలోనూ ఓ కెరీర్ ఉంది

బీటెక్ అయితే సాఫ్ట్‌వేర్, ఎంబీబీఎస్ అయితే క్లినిక్. మా బ్యాచ్‌లో అందరి లెక్కా ఇదే. మూడో దారీ ఉంది: పరిశోధన.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థనే చూడండి. అక్కడి డాక్టర్లు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి 1973లో ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. తప్పు నీళ్లదేనా, తిండిలోనూ ఏమైనా ఉందా? జొన్నల్లో మాలిబ్డినం పెరిగితే మూత్రంలో రాగి ఎక్కువగా పోతుందని 1974లో అదే సంస్థ పరిశోధన చూపింది. మన ఒంటికి అణువంత చాలే ఖనిజాలివి. కానీ లెక్క తప్పితే ఎముకే వంగుతుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకు జొన్నరొట్టె, బోరునీళ్లు కొత్తేం కాదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అక్కడ చదివేవాళ్లు ఐసీఎంఆర్ వారి ఎస్‌టీఎస్‌కు అప్లై చేయండి. చదువుకుంటూనే చేసే చిన్న పరిశోధన, స్టైపెండ్ కూడా ఇస్తారు. కెమిస్ట్రీ వాళ్లకూ చోటుంది: నీళ్లలో, గింజల్లో ఖనిజం కొలవాల్సింది మీరే.

సాఫ్ట్‌వేర్‌లా తొందరగా జీతం పెరగదు, నిజమే. కానీ మన ఊరి జబ్బుకు కారణం ఎవరో వచ్చి వెతికిపెట్టాలని ఎన్నాళ్లు ఎదురుచూద్దాం?