మొదటి జీతమా, మొదటి గురువా?



గత ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘంలోని ఒక తల్లి, కూతుర్ని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆ పాప జనరల్ నర్సింగ్ పూర్తి చేసి, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుంది. రెండు చోట్ల ఉద్యోగానికి రమ్మన్నారు. ఒకటి పక్క పట్నంలో నర్సింగ్ హోమ్. నెలకు 14,000, గది, భోజనం వాళ్లే చూసుకుంటారు. రెండోది దూరాన ఉన్న పెద్ద ఆసుపత్రి. నెలకు 11,000, హాస్టల్ ఖర్చు మనదే. "అయ్యగారూ, ఎందులో చేర్చమంటారు? మీరు ప్రార్థన చేసి ఏది చెబితే అదే" అన్నది ఆ తల్లి.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. నాలుగేళ్ల క్రితం ఇదే ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పి తప్పు చేశాము. ఆ తప్పును ఇక్కడ ఒప్పుకోవడం మంచిదని మాకు తోచింది.

అప్పుడు వచ్చింది మరో ఇంటి బిడ్డ. చదువుకు చేసిన అప్పు ఉంది, వడ్డీ పెరుగుతోంది. "ఎక్కువ ఇచ్చే చోటే చేరమ్మా, ముందు అప్పు తీరనీ, చదువు తరువాత చూసుకోవచ్చు" అని మేమే చెప్పాము. ప్రార్థన కూడా చేసి పంపాము. చేరిన రోజే ఆ ఆసుపత్రి వాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని బీరువాలో పెట్టారు. మూడేళ్ల బాండు మీద సంతకం చేయించారు. రాత్రిపూట వార్డు మొత్తానికి ఆ పాప ఒక్కతే. ఇది ఇలా చెయ్యి, అది అలా చెయ్యకూడదు అని చెప్పే సీనియర్ లేదు. రెండో ఏడు పోస్ట్ బేసిక్ బీఎస్సీ సీటుకు దరఖాస్తు చేద్దామంటే చేతిలో సర్టిఫికెట్లు లేవు. బాండు డబ్బు కట్టి తీసుకెళ్లమన్నారు. ఆ ఏడు సీటు పోయింది. ఆ బిడ్డ ఇప్పటివరకు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే మాకు బాధ ఎక్కువ.

ఆదికాండములో యాకోబు సంగతి మనకు తెలుసు. లాబాను దగ్గర పనికి కుదిరినప్పుడు లెక్క ఏడేళ్లే. అది ఇరవై ఏళ్లయింది. జీతం పదిసార్లు మారింది. యాకోబు సోమరి కాదు, పని తెలియనివాడూ కాదు. ఎవరి దగ్గర చేరుతున్నాడో, ఏ మాట మీద చేరుతున్నాడో, చిక్కంతా అక్కడ ఉంది. నర్సింగ్ చదివిన మన పిల్లలకు కూడా చిక్కు అక్కడే వస్తోంది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది ఒక్కటే. మొదటి ఉద్యోగాన్ని జీతం చూసి కాదు, అక్కడ నేర్పేవారు ఉన్నారా, తరువాతి చదువుకు దారి తెరిచి ఉంటుందా అని చూసి ఎంచుకోవాలి. మొదటి జీతం రెండేళ్లలో ఖర్చయిపోతుంది. మొదటి వార్డులో పడిన అలవాటు, అది మంచిదైనా చెడ్డదైనా, ముప్పై ఏళ్లు చేతిలో ఉంటుంది.

చదువు ఎందుకు ఆపకూడదో తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెబుతాము. జనరల్ నర్సింగ్ చేసిన వారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ చదివితే బీఎస్సీ వారితో సమానమవుతారు. మన ఆంధ్రలో ఊరి క్లినిక్కుల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు ఉద్యోగాలకు బీఎస్సీ నర్సింగ్ అడుగుతూ వచ్చారు. అంటే సొంత మండలంలోనే ఉండి చేసుకొనే ఉద్యోగానికి ఆ చదువు తలుపు. ఇక ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి కాలేజీలో పాఠం చెప్పాలనుకుంటే కనీసం ఒక ఏడాది పని అనుభవం ఉండాలి. కాబట్టి మొదటి ఉద్యోగమూ చదువూ ఒకదానికొకటి అడ్డం కావు. సరైన చోట చేస్తే ఆ ఉద్యోగమే చదువుకు మెట్టు అవుతుంది. కానీ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వని చోట మూడేళ్లు చేసినా కాగితం మీద అది సున్నాయే.

ఉద్యోగంలో ఉంటూనే చదవాలనుకునే నర్సులకు ఇగ్నో వారి పోస్ట్ బేసిక్ కోర్సు ఉంది, అది మూడేళ్లు. దానికి ముందుగా పని అనుభవం అడుగుతారు. రెగ్యులర్ పోస్ట్ బేసిక్ మాత్రం రోజూ కాలేజీకి, వార్డుకు వెళ్లి చదవాల్సిన చదువు. దాన్ని పగటి ఉద్యోగంతో కలిపి చేయడం కుదరదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "కాలేజీకి రానక్కరలేదు, ఫీజు కడితే చాలు, పరీక్షకు వస్తే సరిపోతుంది" అని చెప్పే బ్రోకర్లు మన ఊళ్లకూ వస్తున్నారు. పని మానకుండా పట్టా వస్తుంది కదా అని కొందరు ఆశపడుతున్నారు. తప్పుడు త్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథం నేర్పుతుంది. కూరగాయల కొట్టులో త్రాసు తప్పితే నష్టం పావు కిలో. వార్డు చూడకుండా పట్టా తెచ్చుకున్న నర్సు చేతిలో మందు మోతాదు తప్పితే నష్టం ఒక ప్రాణం. కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నాయో లేదో చూడండి. ఆంధ్రలో విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం. అక్కడ పేరు లేని కాలేజీకి ఒక్క రూపాయి కట్టవద్దు.

గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పారు. ఉద్యోగంలో చేరేముందు మన పిల్లలు కూడా కూర్చుని ఈ ప్రశ్నలు అడగాలి. అడగడానికి సిగ్గుపడకూడదు.

ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇస్తారా, దగ్గర పెట్టుకుంటారా? బాండు ఉందా, ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? చేరిన కొత్తలో సీనియర్ పక్కన ఎన్ని రోజులు ఉంచుతారు? రాత్రి డ్యూటీలో ఒక నర్సుకు ఎంతమంది రోగులు? నైట్ డ్యూటీ నెలకు ఎన్ని రోజులు? పరీక్షలప్పుడు సెలవు దొరుకుతుందా? మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ ఇస్తారా? అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న నర్సును బయట కలిసి ఇవే ప్రశ్నలు మళ్లీ అడగండి. ఆఫీసులో చెప్పినదీ ఆమె చెప్పినదీ ఒకటేనా చూడండి.

"అయ్యగారూ, మాటలు బాగున్నాయి, అప్పు ఎవరు తీరుస్తారు?" అని మీలో కొందరు అడుగుతారని మాకు తెలుసు. న్యాయమైన ప్రశ్నే. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఏర్పడిన నిపుణుల కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000కు తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. మా ముందుకు వచ్చిన రెండు ఉద్యోగాలూ ఆ లెక్కకు దిగువనే ఉన్నాయి. 11,000లో హాస్టల్ కట్టి ఇంటికి పంపడం ఎంత కష్టమో మాకు తెలియనిది కాదు.

దీనికి ఒక పాత సంగతి చెబుతాము. జర్మనీలో కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊరిలో థియొడోర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరుగారు ఉండేవారు. ఆయన, ఆయన భార్య ఫ్రీడరికె 1836లో అక్కడ ఆసుపత్రి పెట్టి, సాధారణ కుటుంబాల ఆడపిల్లలకు రోగుల సేవ నేర్పడం మొదలుపెట్టారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో అక్కడే కొన్ని నెలలు ఉండి నేర్చుకున్నారు. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రి బాధ్యత ఆమె మొదటి ఉద్యోగం. దానికి జీతం లేదు. మరుసటి ఏడు క్రిమియా యుద్ధంలో గాయపడినవారి దగ్గరికి వెళ్లారు. జీతం లేని మొదటి ఉద్యోగం ఆమె చేయగలిగింది ఎందుకంటే, తండ్రి ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చేవాడు.

మన పిల్లలకు అలాంటి తండ్రి లేడు. కూలికి వెళ్లే తండ్రి ఉన్నాడు. మరి ఆ తేడాను ఎవరు భరించాలి? సంఘమే భరించాలని మా అభిప్రాయం. ఒక చిన్న ఊరి పాస్టరు చొరవతో వందలమంది ఆడపిల్లలు చేతిపని నేర్చుకున్నారు. మనం ఒక్క పిల్లకు రెండేళ్లపాటు నెలకు హాస్టల్ ఖర్చులో సగం భరించలేమా? ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా, షుగరు పెరిగినా అర్ధరాత్రి ఆ పిల్లల ఇంటి తలుపే కొడతాము. పుచ్చుకోవడం తెలిసిన మనకు ఇవ్వడం కూడా తెలియాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఆ బిడ్డ మొదటి జీతం మీద అన్న బండి వాయిదా, చీటీ పాట, ఇంటి స్లాబు అన్నీ ఒకేసారి ఎక్కించకండి. "ఉద్యోగం వచ్చింది కదా, ఇక పెళ్లి చేసేద్దాం" అని తొందరపడకండి. చదవాలనే ఆశ ఆ బిడ్డకు ఉంటే రెండేళ్లు ఆగండి.

ఆ ఆదివారం ఆ తల్లీకూతుళ్లకు మేము ఏ ఆసుపత్రి పేరూ చెప్పలేదు. ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చాము. మంగళవారం ఆ పాప ఫోన్ చేసింది. నర్సింగ్ హోమ్ వాళ్లు ఒరిజినల్స్ తమ దగ్గరే ఉండాలన్నారట. పెద్ద ఆసుపత్రిలో మొదటి నెలంతా సీనియర్ పక్కన వేస్తామన్నారట, బాండు లేదన్నారట. "నేను దూరానికే వెళ్తాను అయ్యగారూ" అన్నది. నిర్ణయం ఆ పాపదే. ఆ 3,000 తేడా, హాస్టల్ ఖర్చు సంగతి మాత్రం మన అందరిదీ. వచ్చే ఆదివారం కమిటీ పెద్దలతో, స్త్రీల సమాజంతో కూర్చుని ఈ విషయం మాట్లాడతాము. రాగలిగినవారు ఉండండి. దూరాన ఉన్నవారు ఫోన్ చేసి మీ మాట చెప్పండి.

నాలుగేళ్ల క్రితం మా మాట వల్ల ఏడాది పోగొట్టుకున్న బిడ్డకు బాండు గడువు ఈమధ్యే తీరింది. సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. ఈ ఏడు పోస్ట్ బేసిక్‌కు దరఖాస్తు పెట్టింది. ఆమె కోసం కూడా ప్రార్థన చేయండి.

దేవుడు మిమ్మును, మీ బిడ్డల చేతిపనిని దీవించును గాక. ఆమేన్.