చూసొచ్చిన దేశం, తిరగలేని ఊరు

గల్ఫ్ దేశాల్లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన స్త్రీల గురించి మన సంఘాల్లో మాట్లాడుకునేటప్పుడు ఏజెంట్ల మోసాలు, అందని జీతాలు, దెబ్బలు, పాస్‌పోర్టు లాక్కోవడం వంటివి ముందుకొస్తాయి. రావాలి కూడా. అయితే ఆమె ఆ దేశంలో ఏం చూసింది, తిరిగొచ్చాక సొంత ఊరు ఆమెకెలా కనిపించింది అని అడిగేవాళ్ళు తక్కువ. అవి తీరుబడి ఉన్నవాళ్ళ ప్రశ్నలనీ, కష్టజీవుల సమస్యలు వేరనీ ఒక అభిప్రాయం ఉంది. ఆ రెండు ప్రశ్నలూ హక్కులకు సంబంధించినవేనని చెప్పడానికే ఈ సంపాదకీయం.

నేను 2005 నుంచి 2010 దాకా కువైట్‌లో ఉన్నాను. అక్కడి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. శుక్రవారం సెలవు. సెలవు రోజుల్లో సముద్రపు ఒడ్డున నడిచాను. ముబారకియా బజారులో ఖర్జూరాలు బేరమాడాను. 1979లో ప్రారంభమైన కువైట్ టవర్స్ ఎక్కాను. వాటిలో పెద్ద టవరు ఎత్తు 187 మీటర్లు. పైన ఉన్న గోళంలోంచి ఒకవైపు ఊరు, ఇంకోవైపు గల్ఫ్ నీళ్ళు కనిపిస్తాయి. అదే నగరంలో కడప, చిత్తూరు వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన స్త్రీలు వేల ఇళ్ళల్లో పనిచేస్తుండేవారు. సెలవు దొరికినవాళ్ళు శుక్రవారం చర్చి దగ్గరో, మాలియా బస్సుల దగ్గరో కలిసి మాట్లాడుకునేవారు. దొరకనివాళ్ళు ఎవరి కంటా పడేవారు కారు.

తిరిగొచ్చి సంఘంలో పని మొదలుపెట్టాక రాజంపేట వైపు పల్లెల్లో అలాంటివాళ్ళను చాలామందిని కలిశాను. తొమ్మిదేళ్ళు అక్కడ పనిచేసి వచ్చిన ఒకామెను "కువైట్‌లో ఏం చూశావమ్మా?" అని అడిగితే, "ఏం జూసినానక్కా! వంటిల్లు జూసినా. వాళ్ల పిల్లోల్లను ఎత్తుకోని మిద్దెమీద నిలబడి దీపాలు జూసినా" అంది. ఇంకొకామె యజమాని పిల్లలను బడికి తీసుకెళ్ళే కారులోంచి రోజూ ఆ టవర్లను చూసిందట. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడ కారు దిగలేదు. ఊళ్ళో మాత్రం ఆమెను "దేశాలు తిరిగొచ్చింది" అంటారు.

ఇందులో ఇంకొక వైచిత్రి కూడా ఉంది. 30 ఏళ్ళు నిండని స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. రక్షణ పేరుతో పెట్టిన ఈ నిబంధన స్త్రీల ప్రయాణాన్ని ఆపలేదు, దొంగదారి పట్టించింది. ఏజెంట్లు వాళ్ళను విజిట్ వీసాల మీద, టూరిస్టు వీసాల మీద పంపడం మొదలుపెట్టారు. అంటే కాగితం మీద ఆమె దేశం చూడబోతున్న యాత్రికురాలు. విమానం దిగాక ఆమె చూసేది నాలుగు గోడలు. పనిమనిషిగా నమోదు కాలేదు గనక ఆమెకు చట్టమూ దగ్గర కాదు, చెప్పుకోవడానికి దిక్కూ ఉండదు.

చట్టాలు లేవని కాదు. కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికొక రోజు సెలవివ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. అంతకుముందే, 2011లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఇవ్వాలనీ, ఆ సమయంలో పనివారు యజమాని ఇంట్లోనే ఉండాలని బలవంతపెట్టకూడదనీ ఆ ఒప్పందం చెబుతోంది. ఈ రెండో మాట మనం గట్టిగా పట్టుకోవలసింది. సెలవంటే మంచమ్మీద పడుకోవడం మాత్రమే కాదు. గడప దాటి తన ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళడం కూడా. ఈ ఒప్పందాన్ని కువైట్ ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు. మన నగరాల్లో ఇంటిపని చేసే స్త్రీలకు వారపు సెలవు ఇప్పటికీ యజమానురాలి దయ మీదే ఆధారపడి ఉందన్నది కూడా మర్చిపోకూడదు.

ఇక తిరిగి రావడం సంగతి. పరాయి దేశం వెళ్ళినప్పుడు కొత్తగా ఉంటుందని అందరూ ముందే చెబుతారు. సొంత ఊరు కొత్తగా ఉంటుందని ఎవరూ చెప్పరు. నేను వచ్చిన కొత్తలో బస్టాండులో ఒక్కదాన్నే కూర్చుని టీ తాగుతుంటే ముగ్గురు నలుగురు వచ్చి ఎవరి కోసం చూస్తున్నానని అడిగారు. చదువూ ఉద్యోగమూ ఉన్న నాకే ఊపిరాడనట్టు అనిపించింది. ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన స్త్రీలకు తగిలే దెబ్బ దీనికి ఎన్నో రెట్లు పెద్దది.

ఆమె ఒంటరిగా విమానం ఎక్కింది, దిగింది. వినివిని అరబ్బీ నేర్చుకుంది. నెలనెలా డబ్బు పంపింది. జీతం కోసం మేడంతో తనే వాదించుకుంది. అలాంటి మనిషి ఇంటికొచ్చేసరికి ఆమె డబ్బుతో కట్టిన ఇల్లు భర్త పేరునో, మామ పేరునో ఉంటుంది. కన్నబిడ్డ అవ్వను అమ్మా అని పిలుస్తుంటాడు. మరుగుదొడ్డి లేని ఇంట్లో ఉండలేకపోతున్నానంటే "మేడం అయిపోయినావే!" అని నవ్వుతారు. కాస్త శుభ్రమైన చీర కడితే అక్కడేం చేసి సంపాదించిందోనని గుసగుసలు. ఆ గుసగుసలకు భయపడి తనకు జరిగిన అన్యాయాన్ని కూడా నోరు విప్పి చెప్పదు. ఆమె మళ్ళీ గల్ఫ్ బయల్దేరితే అప్పుల కోసమేనని మనం రాసుకుంటాం. అప్పులు నిజమే. కానీ "ఆడ కష్టమైనా నా సంపాదన నాకు తెలిసేది, ఈడ పది రూపాయలకూ చెయ్యి జాపాల" అన్న మాట నేను ఒక్కరి నోట కాదు, చాలామంది నోట విన్నాను.

కడప జిల్లాలోనే పెన్నానది లోయ అంచున గండికోట ఉంది. దాని ఫోటోలు కువైట్‌లో ఉండగా ఫోన్లో చూశానని ఒకామె చెప్పింది. ఇంత దగ్గర ఉన్నదాన్ని ఎన్నడూ చూడలేదు కదా, ఇద్దరు ముగ్గురం కలిసి పోయొద్దాం అనుకున్నారట. ఇంట్లో అడిగితే "ఆడేం పని?" అన్నారు. గుడికైతే పోవచ్చు. పెళ్ళికి, చావుకి, ఆస్పత్రికి పోవచ్చు. ఊరికే చూడ్డానికి పోవడానికి మాత్రం ఆడదానికి కారణం కావాలి. సముద్రం దాటి సంపాదించుకు రమ్మని పంపిన కుటుంబమే ఆమెను జిల్లాలో తిరగనివ్వదు. ఆమె ప్రయాణం కుటుంబానికి రాబడి అయినంతవరకే చెల్లుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. వెంటనే "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అనే వెక్కిరింపులూ వచ్చాయి. పని లేకుండా తిరిగే మగవాళ్ళను ఈ దేశంలో ఎవరూ లెక్కపెట్టలేదు. రాజ్యాంగంలోని 19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును పౌరులందరికీ ఇచ్చింది. మన దేశం 1993లో ఆమోదించిన సీడా ఒప్పందం రాకపోకల్లోనూ, వినోదంలోనూ, సాంస్కృతిక జీవితంలోనూ స్త్రీలకు సమాన హక్కులుండాలంటోంది. ఏ పని మీద పోతున్నావని అవి అడగవు.

అందుచేత మన డిమాండ్లలో కొన్ని చేరాలి. విదేశాలకు పంపే పని ఒప్పందాల్లో వారపు సెలవుతో పాటు ఆ రోజు బయటికి వెళ్ళే హక్కు స్పష్టంగా రాయాలి. 189వ ఒప్పందాన్ని ప్రభుత్వం ఆమోదించాలి. వయసు ఆంక్షల బదులు సురక్షితమైన, నమోదైన దారి చూపాలి. ఆమె పంపిన డబ్బు ఆమె ఖాతాలోనే పడేలా, కట్టిన ఇంటి పట్టాలో ఆమె పేరుండేలా బయల్దేరకముందే మన కార్యకర్తలు కుటుంబంతో మాట్లాడాలి. తిరిగొచ్చినవాళ్ళకు మండలాల్లో సొంత సంఘాలుండాలి. అక్కడ కేసుల గురించే కాక, ఇల్లు పరాయిదైపోయిన బాధ గురించి కూడా సిగ్గుపడకుండా మాట్లాడుకునే వీలుండాలి.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన స్త్రీలతో కలిసి గండికోటకు వెళ్ళాలని మా సంఘం నిర్ణయించింది. సభ లేదు, తీర్మానాలు లేవు. సద్దిమూట కట్టుకుని వెళ్ళి, కోటంతా తిరిగి చూసి వస్తాం. మీ మీ ప్రాంతాల్లో మీరూ ఇలా బయల్దేరండి. వెళ్ళేముందు ఇంట్లో ఏమన్నారో, వెళ్ళొచ్చాక ఏం మారిందో మాకు రాయండి. ఆ ఉత్తరాలను వచ్చే సంచికలో ప్రచురిస్తాం.